కిల్పెక్ చర్చి గుమ్మం: తోరణమా, కమానా?

సందేహం: ఇంగ్లండ్‌లో హెర్ఫర్డ్‌షైర్ జిల్లా కిల్పెక్ అనే పల్లెలో పాత చర్చి చూసొచ్చి, దాని గుమ్మాన్ని "రోమన్ తోరణం" అని రాశాను. ఫ్రెండ్ కమాను అనాలంటున్నాడు. ఏది కరెక్టండీ? – ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

సమాధానం: ముందు ఆ "రోమన్" తీసెయ్యండి బాబూ. రోమన్లు బ్రిటన్ వదిలిపోయిన ఏడొందల ఏళ్ళకి, 1140 ప్రాంతంలో కట్టిన చర్చి అది. దాని శైలిని రోమనెస్క్ అంటారు, అంటే రోమన్ పోకడలున్నది అని, ఆ పేరూ 19వ శతాబ్దం మొదట్లో పండితులు పెట్టిందే, కట్టిన మేస్త్రీలకి తెలీదు పాపం. ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ల కాలం నాటిది కాబట్టి అక్కడివాళ్ళు నార్మన్ చర్చి అంటారు, మీరూ అనొచ్చు.

ఇక కమాను, ఇది నాకు ఇష్టమైన మాట. పార్సీలో కమాన్ అంటే విల్లు, లాటిన్‌లో ఆర్కస్ అన్నా విల్లే, ఆర్చి అందులోంచే వచ్చింది, లెక్కల పుస్తకంలో చాపం కూడా విల్లే చూడండి. మనం మాత్రం ఆ కమానుని ఎక్కడెక్కడికో లాక్కెళ్ళాం, హైదరాబాద్‌లో చార్ కమాన్, లారీ కింద కమాన్ కట్టలు, అన్నిటికన్నా ముద్దొచ్చేది ఫిడేలు కమాను, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది పలికిన తీరు విన్నవాళ్ళు మర్చిపోరు (కమాను ద్వారానికే దక్కింది, చూశారా!).

తోరణం సంగతి వేరు. ఓరుగల్లు కీర్తితోరణం చూడండి, స్తంభాల మీద అడ్డంగా దూలాలు, బరువు తిన్నగా కిందికి దిగుతుంది. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువుని పక్కలకి తోస్తాయి, అందుకే రోమనెస్క్ చర్చిల్లో గోడలు మందం, కిటికీలు చిన్నవి. తర్వాత వచ్చిన గోతిక్ శైలి మేస్త్రీలు కమానుని పైన మొన తేల్చి కొంత తోపు తగ్గించుకున్నారు. ఇంత తేడా ఉంటే, ఊరి మొదట్లో సిమెంటుతో ఏది కట్టినా "స్వాగత తోరణం" అని పేపర్లు రాసేస్తున్నాయి, అదేం అలవాటో!

కిల్పెక్ దక్షిణం గుమ్మం మీదున్నది అర్ధచంద్రాకారపు కమానే, దాని నిండా పక్షులూ వింత జంతువులూ చెక్కారు. చూరు కింద ఇప్పటికీ 85 రాతి బొమ్మలున్నాయి, అందులో కుక్కా కుందేలూ పక్కపక్కన ఉన్నది తప్పక చూసే ఉంటారు.

కట్టడం గురించైతే కమాను, లేదా నలుగురూ అనే ఆర్చి. శిల్పాల అలంకారం వరకే తోరణం అన్నానంటారా, కవిత్వంలోనైతే ఒప్పుకుంటానేమో, ట్రావెల్ పోస్టులో కాస్త ఆలోచించాలి.