‘పిండదానం’ అనకుండా ఏమనాలి?

సందేహం: మా చెల్లెలి కూతురికి పెళ్లయి ఏడేళ్లయింది. సంతానం కోసం ఒక ఆసుపత్రికి వెళుతోంది. సంతకం చేయమని అక్కడ ఇచ్చిన తెలుగు పత్రంలో ‘మిగిలిన పిండములు పది సంవత్సరముల వరకు నిల్వ చేయబడును. తదుపరి నాశనము చేయబడును లేదా పరిశోధన నిమిత్తము పిండదానము చేయబడును’ అని ఉంది. ఆమె అత్తగారు అది చదివి, ‘కడుపు పండాలని వెళితే పిండాలు పెడతామంటారా!’ అని కాగితం విసిరికొట్టారు. ఎంబ్రియోను పిండం అనడం తప్పా? భ్రూణం అనాలా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: ముందు ఆ అత్తగారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆవిడకు తెలుగు బాగా తెలుసు కాబట్టే కోపం వచ్చింది. నాగావళి ఒడ్డున దర్భలు, నువ్వులు, ఆకులో అన్నం ముద్దలు పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూసిన ఎవరికైనా ‘పిండదానం’ అంటే మరో అర్థం తట్టదు. తిట్లలో కూడా ‘పిండాకూడు’ ఉండనే ఉంది. ఆ పత్రం రాసినాయన ఇంగ్లీషు మాటలు రెంటికీ నిఘంటువులో చెరో అర్థం వెతికి అతికించాడు. అతికించాక పుట్టిన మాట అప్పటికే ఊళ్లో మరొకరి పేరని చూసుకోలేదు.

ఇక పిండం అన్న మాట విడిగా తప్పా అంటే, కాదు. సంస్కృతంలో పిండమంటే ముద్ద. అన్నం ముద్దా పిండమే, కడుపులో కట్టిన ముద్దా పిండమే. ఈ రెండర్థాల గొడవ మీ చెల్లెలి కూతురితో మొదలైందీ కాదు. ‘సపిండులు’ అంటే ఎవరన్న ప్రశ్న మీద ధర్మశాస్త్రకారులు రెండు దారులు పట్టారు. దాదాపు 900 ఏళ్ల కిందట కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు, పిండమంటే శరీరం, కాబట్టి ఒకే శరీరపు అంశలు పంచుకున్నవారు సపిండులు అన్నాడు. వంగదేశంలో దాయభాగం రాసిన జీమూతవాహనుడు, పిండమంటే పితరులకు పెట్టే ముద్ద, దాని ద్వారా సంబంధపడినవారే సపిండులు అన్నాడు. ఎవరి అర్థం పడితే వారి లెక్కన ఆస్తి పంపకాలు మారిపోయేవి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కూడా సపిండ సంబంధం ఉంది. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చారు కాబట్టి మన వైపు మేనరికాలు బతికిపోయాయి. అది వేరే కథ.

మన పాఠ్యపుస్తకాలు విజ్ఞానేశ్వరుడి దారిలో నడిచాయి. ఎంబ్రియోకు పిండం, ఆ శాస్త్రానికి పిండోత్పత్తి శాస్త్రం అన్న మాటలు స్థిరపడ్డాయి. వాటిని ఇప్పుడు కదపనక్కర్లేదు. పైగా ఆ మాట కంటికి కనిపించేదానికి చక్కగా అతుకుతుంది. ప్రయోగశాలలో అండం, శుక్రకణం కలిసిన అయిదో రోజుకు ఏర్పడేది నీరు నిండిన బుడగ. గోడంతా ఒక వరస కణాలు. లోపల ఒక పక్కకు అంటుకుని చిన్న కణాల ముద్ద. గోడ కణాల నుంచి ముఖ్యంగా మావి ఏర్పడుతుంది. బిడ్డ అంటూ తయారైతే ఆ ముద్దలోంచే. మూలకణాల (శరీరంలో ఏ రకం కణంగానైనా మారగల కణాల) కోసం పరిశోధకులు తీసుకునేదీ ఆ ముద్దనే. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారి మానవ పిండం నుంచి వాటిని వేరుచేసి పెంచింది. ముద్దను అలా తీశాక బుడగ మిగలదు. పరిశోధన మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న ధర్మసందేహమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతోంది.

గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, అర్ధమాసానికి పిండం అంటుంది. బుద్బుదమంటే బుడగే. ఇది చెప్పగానే ‘మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు’ అని ఉత్తరాలు వస్తాయని నాకు తెలుసు. దయచేసి రాయకండి. మానవ అండం అడ్డుకొలత మిల్లీమీటరులో పదో వంతు. దానిలో జరిగేది సూక్ష్మదర్శిని లేకుండా చూడటం ఎవరి తరమూ కాదు. మనకు అక్కడ దొరికేది వరుసైన మాటలు. మంచి మాటలు. వాడుకుందాం, అంతే.

భ్రూణం సంగతి. అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు అమరకోశం ‘గర్భో భ్రూణ ఇమౌ సమౌ’ అని తేల్చేసింది: గర్భమన్నా భ్రూణమన్నా ఒకటే. అమరసింహుడు రోజుల లెక్క పెట్టలేదు. చట్టం పెట్టింది. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టంలో, 2002 సవరణ తర్వాత, ఫలదీకరణ నుంచి 56 రోజుల వరకు ఎంబ్రియో, 57వ రోజు నుంచి పుట్టేదాకా ఫీటస్ అని ఉంది. మొదటిదానికి పిండం, రెండోదానికి భ్రూణం అని తెలుగులో పంచుకుంటే చక్కగా సరిపోతుంది. ఆ నిర్వచనంలోనే, ఎదుగుదల ఆపి ఉంచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోరాదనే మాట కూడా ఉంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పదేళ్లు ఉన్నా, అయిదో రోజున లోపల పెట్టినదాని వయసు అయిదు రోజులే. కాబట్టి ఆ పత్రంలో భ్రూణం అనడం కుదరదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగు పత్రికలు చదివేవారికి భ్రూణం అనగానే వెనకాలే ‘హత్య’ వినిపిస్తుంది. ఒక దోషం తప్పించుకోబోయి ఇంకో దోషం నెత్తిన వేసుకోవడమెందుకు?

అచ్చతెలుగు మాట లేదా అని మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. ఉంది: నలుసు. మా విజయనగరంలో ఇంటికి ఏ చుట్టం వచ్చినా మా నాయనమ్మ కొత్త కోడళ్ల సంగతి ‘కడుపున నలుసు పడిందా?’ అనే అడిగేది. కంట్లో పడేదీ నలుసే, కడుపున పడేదీ నలుసే. మిల్లీమీటరులో పదో వంతుకు ఇంతకంటే కొలత కుదిరిన మాట ఏ భాషలో ఉందో చూపించండి! అయినా ఆ పత్రంలో నేను దాన్ని రాయను. ఎందుకంటే నలుసు ‘కడుపున పడాలి’. పడ్డదాకా నలుసన్న మాటే ఎత్తం. డబ్బాలో ఉన్నది ఇంకా పడలేదు. శిశువు, బిడ్డ అన్న మాటలు కూడా అందుకే వద్దు. సంతకం పెట్టే మనిషి ఇంకా ఆలోచించుకుంటున్న విషయాన్ని పత్రం రాసినాయన ఒక్క మాటతో తేల్చేయకూడదు. ఆవిడకు అది బిడ్డే అనిపించవచ్చు, కణాల ముద్దే అనిపించవచ్చు.

అసలు నేరం పిండానిదికన్నా ‘చేయబడును’ది ఎక్కువ. ఎవరు చేస్తారు? ఎవరిని అడిగి? సహాయక పునరుత్పత్తి మీద 2021లో వచ్చిన చట్టం పదేళ్లకు మించి నిల్వ ఉంచరాదంది. ఆ తర్వాత వాటిని నశించిపోనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. ‘నశించిపోనివ్వడం’ వేరు, ‘నాశనం చేయడం’ వేరు. మొదటిదానిలో చలి తీసేసి ఊరుకోవడం ఉంది, రెండోదానిలో చెయ్యి ఉంది. ‘సమ్మతితో’ అన్నదైతే మీరు పంపిన వాక్యంలో ఎక్కడా లేదు.

పరిశోధనకు ఇస్తే దాన్ని ఎన్నాళ్లయినా పెంచుతూ పోతారా అని అత్తగారు అడిగితే, పెంచరని చెప్పండి. మన మూలకణ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం 14 రోజులే గడువు. 1984లో బ్రిటన్‌లో ఇలాంటి చికిత్సలు, పిండాల పరిశోధనల మీద ప్రభుత్వం వేసిన వార్నాక్ సంఘం సూచించిన హద్దు ఇది. ఆ సమయానికే పిండం మీద ఒక గీత కనిపించి తల వైపు ఏదో, తోక వైపు ఏదో తేలుతుంది. అంతకుముందు అది రెండుగా చీలి కవలలు కావచ్చు కాబట్టి ‘ఒకరు’ అని కూడా అనలేం. ఈ హద్దును సడలించవచ్చా అన్న చర్చకు 2021లో అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం తలుపు తెరిచింది. మన దగ్గర మాత్రం హద్దు అక్కడే ఉంది.

నేనైతే ఇలా రాస్తాను: ‘మా చికిత్సలో మిగిలిన పిండాలను (అండం, శుక్రకణం కలిశాక ఏర్పడిన తొలి దశ కణాల ముద్దలను) పదేళ్లకు మించకుండా భద్రపరుస్తారు. గడువు తీరాక వాటిని నశించిపోనివ్వడమా, పరిశోధనకు ఇవ్వడమా అన్నది మేమే నిర్ణయించి కింద రాస్తున్నాం.’ దానం అన్న మాట లేకుండానే పని జరిగిపోయింది. ‘ఇవ్వడం’ చాలు.

పిండమన్న మాట చెవిన పడటమే వద్దని ఆవిడ పట్టుబడితే, నిశ్చింతగా ‘ఎంబ్రియో’ అని రాయించండి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మీ వంశధార ఒడ్డునే. ఆసుపత్రి వరండాలో డాక్టరు మొదలుకొని ఆయమ్మ దాకా అనే మాట ఎలాగూ అదే.