పర్సంటేజీ మీద కేసులు చేసే సీనియర్ దగ్గర మా అబ్బాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. యాక్సిడెంట్ కేసులు బాగా చేసే ఒక లాయరు గారి దగ్గర జూనియర్‌గా చేరమని బంధువులు చెబుతున్నారు. ఆయన ముందుగా ఫీజు తీసుకోరట. పరిహారం వచ్చాక అందులో ఇంత శాతమని తీసుకుంటారట. కేసు తెచ్చినవాళ్లకు కూడా వాటా ఉంటుందట. మావాడేమో అది రూల్స్‌కు విరుద్ధం, వెళ్లనంటున్నాడు. అందరూ చేసేదే కదా అని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మాకు ఎరువుల దుకాణం ఉంది, ప్రాక్టీస్ చేస్తూ వాడు దాన్ని చూసుకోవచ్చా? కాలేజీలో ధర్నా చేసినప్పుడు పెట్టిన పోలీసు కేసు ఒకటి నడుస్తోంది, అది ఎన్‌రోల్‌మెంట్‌కు (లాయరుగా పేరు నమోదు చేసుకోవడానికి) అడ్డమా?
— ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిందే నిజం. ఈ విషయంలో వాడి మాట వినమని మీవారికి నా తరఫున చెప్పండి.

గెలిస్తే ఇంత అనో, వచ్చిన సొమ్ములో ఇంత వాటా అనో ఫీజు మాట్లాడుకోవడాన్ని లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 20వది నిషేధిస్తుంది. వచ్చినదాంట్లో సగం తీసుకునేలా ఒక సీనియర్ న్యాయవాది చేసుకున్న ఒప్పందం వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ పరిహారం కేసు నడిపిన లాయరు, ఫీజు కింద ఆవిడ దగ్గర చెక్కు తీసుకున్నారు. అది బౌన్స్ అయిందని ఆవిడ మీదే క్రిమినల్ కేసు వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరిహారంలో శాతాన్ని ఫీజుగా అడగడమే చట్టవిరుద్ధమంటూ 2017 డిసెంబరులో ఆ కేసును కొట్టేశారు.

ఇంత గట్టి నిబంధన ఎందుకంటే, సొమ్ములో వాటా ఉన్న లాయరు తనే కేసులో ఒక పార్టీ అయిపోతాడు. ఇంకో ఏడాది ఆగితే కుటుంబానికి ఎక్కువ వస్తుందని తెలిసినా, తన వాటా త్వరగా చేతికి రావడానికి తక్కువకే రాజీ చేయించాలనిపిస్తుంది. లేదా పరిహారం పెంచడానికి లేని వైకల్యాన్ని చూపించాలనిపిస్తుంది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతారు. వాళ్లకు ఎంత వచ్చింది, చేతికి ఎంత అందింది అన్న లెక్క వాళ్లకే తెలియకుండా పోతే, అంతకంటే అన్యాయం నాకు తోచదు. క్లయింట్ సొమ్ముకు లెక్క రాసి ఉంచాలని, డబ్బు రాగానే వాళ్లకు తెలియజేయాలని నిబంధనల్లో ఉన్నది అందుకే.

పర్సంటేజీ లేకపోతే పేదవాళ్లకు లాయరు ఎలా దొరుకుతాడని మీవారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫీజు ఎంతో ముందే చెప్పి, గెలిచినా ఓడినా అంతే అనుకుంటే, వాయిదాల్లోనో ఆలస్యంగానో తీసుకోవడంలో తప్పు లేదు. అదీ ఇచ్చుకోలేని వాళ్ల కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఇక కేసులు తెచ్చేవాళ్ల సంగతి. ఆసుపత్రుల దగ్గర, స్టేషన్ల దగ్గర తిరిగి కేసులు పట్టుకొచ్చే ఏజెంట్ల జాబితాలు ప్రకటించే అధికారం 2023లో అడ్వకేట్స్ చట్టానికి చేసిన సవరణతో హైకోర్టుకు, జిల్లా జడ్జిలకు ఉంది. జాబితాలో పేరున్నా అదే పని చేస్తే మూడు నెలల దాకా జైలు. అలా కేసులు తెప్పించుకునే లాయరు మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్తే మందలింపు, సస్పెన్షన్, చివరికి రోల్ (లాయర్ల జాబితా) నుంచి పేరు తీసేయడం దాకా రావచ్చు. వకాల్తా మీద మీ అబ్బాయి సంతకం కూడా ఉంటే, సీనియర్ చెప్పారు చేశాను అనడం వాడిని కాపాడదు.

సంపాదన గురించి మీ బెంగ నాకు అర్థమైంది. మొదటి రెండు మూడేళ్లు కష్టమే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది కానీ, అది సూచన మాత్రమే. చేరే ముందు ఎంత ఇస్తారని మొహమాటపడకుండా అడగమనండి. సివిల్ కేసులు, క్రిమినల్ కేసులు రెండూ చేసే ఆఫీసు చూసుకుంటే పని బాగా వస్తుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రాక్టీసుకు సర్టిఫికెట్ ఇచ్చే దారుల్లో ఒకటి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సంతకం. కాబట్టి ఎవరి దగ్గర చేరాడన్నది రేపు అక్కడ కూడా పనికొస్తుంది.

దుకాణంలో వాడు స్వయంగా కూర్చోకూడదు. వారసత్వంగా వచ్చిన వ్యాపారంలో హక్కు ఉంచుకోవచ్చు గానీ, నిర్వహణలో పాల్గొనకూడదు. లైసెన్సు, బిల్లులు మీవారి పేరు మీదే నడవనివ్వండి.

ధర్నా కేసుకు భయపడకండి. చట్టంలో అనర్హత ఉన్నది మోసం, దొంగతనం లాంటి నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవాళ్లకు. అదీ విడుదలైన రెండేళ్లకు తొలగిపోతుంది. కేసు నడుస్తున్నంత మాత్రాన ఆ అనర్హత రాదు. కానీ దరఖాస్తులో కేసుల గురించి అడిగిన చోట దాచడం మాత్రం పెద్ద ప్రమాదం. తప్పుడు సమాచారంతో ఎన్‌రోల్ అయ్యాడని తేలితే ఎన్నేళ్ల తర్వాతైనా పేరు తీసేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ, కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో చూపే కోర్టు కాగితం జతచేసి ఉన్నదున్నట్టు రాయమనండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో తీర్పు వచ్చింది, స్టాంపు డ్యూటీ వేరు. అంతకు మించి ఎవరైనా అడిగితే రసీదు ఇమ్మని అడగండి.