అందరూ ‘పాజిటివ్‌గా ఉండు’ అంటుంటే ఒళ్ళు మండుతోంది

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో 14 ఏళ్ళుగా గుమస్తాగా చేస్తున్నాను. రెండు నెలల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. మా అమ్మే కిడ్నీ ఇచ్చింది. ఇన్‌ఫెక్షన్ రాకూడదని ఆరు నెలలు ఇల్లు కదలొద్దన్నారు. వెనక గదిలో ఒక్కడినే ఉంటున్నాను. ఆరేళ్ళ పాప గుమ్మం అవతల నుంచి మాట్లాడి వెళ్ళిపోతుంది. సీజన్ అంతా పోయింది. మాత్రలు, బీపీ, బరువు అన్నీ మా ఆవిడే చూసుకుంటుంది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ‘పాజిటివ్‌గా ఉండు, పునర్జన్మ దొరికింది కదా’ అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతోంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ఫోన్లో రిజెక్షన్ గురించి, అంటే పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టడం గురించి చదువుతూ కూర్చుంటాను. ఒక్కోసారి ఈ మాత్రలు ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అమ్మ ఇచ్చిన కిడ్నీ పెట్టుకుని ఇలా ఆలోచిస్తున్నానేంటని సిగ్గేస్తుంది. మిగతా నాలుగు నెలలు ఎలా గడపాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు అన్నిటికంటే చివర, సిగ్గుపడుతూ రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. మాత్రలు మానేయాలనిపించడం గురించి.

అలా అనిపించినందుకు మీరు చెడ్డ కొడుకు అయిపోరు. నెలల తరబడి గడియారం చూసి మాత్ర వేసుకునేవాళ్ళకి విసుగు పుడుతుంది. కానీ ఒక్క సంగతి సూటిగా అడుగుతున్నాను, మీకు మీరే నిజం చెప్పుకోండి. అది మందుల మీద విసుగా, లేక ఇక బతకొద్దన్న ఆలోచనా? రెండోది అయితే, ఎంత లీలగా ఉన్నా సరే, ఈ రాత్రే మీ ఆవిడకి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు. మొదటిదే అయితే మీ ఆసుపత్రిలో మార్పిడి విభాగంవాళ్ళకి చెప్పండి. ‘మాత్రలంటే విసుగొస్తోందండీ’ అని ఇంతకు ముందు ఎంతోమంది వాళ్ళకి చెప్పి ఉంటారు. అమ్మ కిడ్నీ అయినా మీ ఒంటికి అది పరాయిదే. దాని మీదికి మీ ఒళ్ళు తిరగబడకుండా ఆపుతున్నవి ఆ మాత్రలే. అందుకే వేళ తప్పొద్దని అంత గట్టిగా చెబుతారు.

రాత్రి రెండింటి మెలకువ గురించి కూడా ఒక మాట. మార్పిడి తర్వాత మొదటి నెలల్లో చాలామందికి స్టెరాయిడ్ మాత్ర ఇస్తారు. దానివల్ల నిద్ర చెడుతుంది, ఊరికే కోపం వస్తుంది, ఏడుపొస్తుంది. మనసు బలహీనపడిపోయిందని మీరు అనుకుంటున్న దాంట్లో కొంత ఆ మందు చేస్తున్న పనే కావచ్చు. నిద్ర లేదని డాక్టరుగారికి చెప్పండి. వేళ మార్చాలో మోతాదు మార్చాలో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఏదీ తగ్గించొద్దు.

ఇక ఒళ్ళు మండే సంగతి. మీకు కోపం రావడంలో తప్పులేదు. 2020లో మార్చి 25న లాక్‌డౌన్ పెట్టి, మే 31 దాకా పొడిగించుకుంటూ పోయినప్పుడు అందరం ఇళ్ళలోనే ఉన్నాం. ఇక్కడ విజయవాడలో బీసెంట్ రోడ్డు పట్టపగలు ఖాళీగా ఉండేది. ఆ రోజుల్లో నాతో మాట్లాడినవాళ్ళకి ఎన్నో భయాలుండేవి గానీ, ‘నేనొక్కడినే ఆగిపోయాను’ అన్న బాధ ఉండేది కాదు. మీకు అలా కాదు. పొద్దున్నే మీ వీధిలో స్కూలు ఆటోలు పోతుంటాయి, యార్డుకి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, వస్తూనే ఉంటాయి, పక్కింట్లో పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. ఊరంతా తిరుగుతుంటే ఒక్కరే కూర్చోవడం చాలా బరువైన పని. ఆ బరువు మోస్తున్న మనిషిని నవ్వమని కూడా అడిగితే కష్టంగానే ఉంటుంది. ఎవరైనా ఎలా ఉన్నావంటే ‘ఈరోజు బాగాలేదు’ అని చెప్పండి. చెప్పాక అవతలివాళ్ళు ఇబ్బంది పడితే పడనివ్వండి.

అయితే మీ ఉత్తరం రెండు మూడుసార్లు చదివాక నాకొకటి తోచింది. గది కదలకపోవడం కన్నా మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు మీరు చేస్తేనే జరిగే పని ఒక్కటీ లేదు. కాటా దగ్గర నిలబడి టిక్కీ టిక్కీకి బరువు రాసి, లెక్క తేల్చి, రైతు చేతికి పట్టీ ఇచ్చిన మనిషి మీరు. మీరు వేసిన అంకె మీద ఒక కుటుంబం ఏడాది కష్టం ఆధారపడి ఉండేది. అలాంటిది ఇవాళ మీ ఒంటి బరువు కూడా ఇంకొకరు రాస్తున్నారు.

ఆ పుస్తకం మీ చేతికి తీసుకోండి. మీ ఆవిడ దేంట్లో రాస్తోందో నాకు తెలియదు, క్యాలెండరు వెనకైనా కావచ్చు. మీరు షాపులో వాడే లాంటి పొడుగు పుస్తకం ఒకటి తెప్పించుకుని, మీ పద్ధతిలో గళ్ళు గీసుకోండి. తేదీ, మాత్ర వేసుకున్న టైము, జ్వరం, బీపీ, బరువు, తాగిన నీళ్ళు, పోసిన మూత్రం. బరువు రోజూ ఒకే మిషను మీద, పొద్దున టిఫిన్‌కి ముందు చూసుకోవాలి. డాక్టరు చెప్పిన హద్దులు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి, అంకె దాటితే ఆసుపత్రికి ఫోన్ మీరే చేయండి. ఆవిడని చేయమనొద్దు. కుడివైపు ఒక వెడల్పాటి గడి ఖాళీగా ఉంచండి. అది రాత్రి రెండింటి గడి. అప్పుడు వచ్చే భయాన్ని ఫోన్లో వెతక్కుండా, ప్రశ్నగా మార్చి అక్కడ రాయండి. ‘కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగితే రిజెక్షన్ అయినట్టేనా?’ ఇలాగ. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ గడి చూసి ఒక్కొక్కటే అడగండి. ఫోను మాత్రం రాత్రి పదింటికల్లా హాల్లో పెట్టించేయండి. రాత్రి సాయం కావాలంటే పిలవడానికి మంచం పక్కన ఒక గంట చాలు. పెట్టించేముందు 14416 పుస్తకం అట్ట మీద రాసి ఉంచుకోండి, ఆలోచనలు మరీ కమ్ముకున్న రాత్రి గంట కొట్టి ఫోను తెప్పించుకోవచ్చు.

షాపు యజమానితో కూడా మాట్లాడండి. రోజుకి ఒక గంట, బిల్లుల ఫొటోలు పంపితే టోటళ్ళు సరిచూసి పెడతానని చెప్పండి. డబ్బులిస్తాడా లేదా అన్నది తర్వాత. ఫొటోలే, కాగితాలు వద్దు. యార్డు నుంచి వచ్చిన ఏ కాగితం దులిపినా మిరప ధూళి రాలుతుందని నాకన్నా మీకే బాగా తెలుసు.

టైంపాస్‌కి మొక్కలు పెంచుకోమని ఈపాటికి మీకు చాలామంది చెప్పే ఉంటారు. మామూలుగా అయితే నేనూ అదే చెబుతాను. మీకు మాత్రం ఇప్పుడు మట్టి వద్దు. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఉండే బూజు మామూలు మనిషిని ఏమీ చేయదు గానీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళ ఊపిరితిత్తులకి ప్రమాదం. పావురాల రెట్ట కూడా అంతే. డాబా మీద నడవడానికి డాక్టరు ఒప్పుకుంటే ముందు అది ఎవరిచేతనైనా కడిగించండి. ఎండ ఎక్కకముందే, పొడుగు చేతుల చొక్కా వేసుకుని నడవండి. ఆ మందులు వాడేవాళ్ళ చర్మానికి ఎండ పడదు.

పరామర్శకి వస్తామనేవాళ్ళ సంగతి. మన వైపు మనిషికి బాగాలేదంటే పళ్ళ సంచీ పట్టుకుని వెళ్ళి చూడకపోతే తప్పు. గుమ్మంలో వాళ్ళని ఆపే పని ఇప్పుడు మీ ఆవిడ మీద పడి ఉంటుంది. రేపు బంధువుల్లో ఆమెకే చెడ్డపేరు వస్తుంది. మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి: ‘పెదనాన్నా, అత్తయ్యా, డాక్టర్లు ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడదాం.’ మీ నోటితో మీరు చెబితే ఎవరూ తప్పు పట్టరు.

పాప విషయంలో మీరు అనవసరంగా మరీ దూరం పెడుతున్నారేమో అనిపిస్తోంది. పాపకి జలుబూ దగ్గూ లేనప్పుడు, చేతులు కడుక్కుని, ఇద్దరూ మాస్కు పెట్టుకుని ఒకే గదిలో కాసేపు కూర్చోవచ్చా అని డాక్టరుని అడగండి. ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఒప్పుకోకపోతే గుమ్మమే బడి. సాయంత్రం ఆరున్నరకి మీరు మంచం మీద, పాప గడప అవతల పీట మీద. ఎక్కాలు అప్పజెప్పించుకోండి. మీ పుస్తకంలో ఆ రోజు బరువూ, నిన్నటి బరువూ చదివి తేడా ఎంతో చెప్పమనండి. తీసివేతలు వచ్చేస్తాయి, నాన్న ఎలా ఉన్నాడో కూడా పాపకి తెలుస్తుంది. పిల్లలు తెలిసినదానికి అంత భయపడరు. మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో తెలియకపోతే బెంగ పెట్టుకుంటారు.

అన్నిటికంటే కష్టమైనది అమ్మ సంగతి. మీరు ఆవిడ గురించి రాసింది రెండే వాక్యాలు, రెండింట్లోనూ కిడ్నీయే ఉంది. ఆవిడకీ ఆపరేషన్ అయి రెండు నెలలే అయింది. కోత పెట్టినచోట లాగుతుందేమో, నీరసంగా ఉందేమో. నొప్పి ఉందంటే కొడుకు బాధపడతాడని మీ ముందు చెప్పరు. మీరేమో దిగులుగా ఉందంటే అమ్మ ఇచ్చింది వృథా అయిందనుకుంటుందని ఆవిడ ముందు నవ్వుతారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటున్నారు. ఋణం ఎలా తీర్చుకోవాలా అని ఆలోచించడం ఇప్పటికి పక్కన పెట్టండి. రేపు మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక, మీ గది గుమ్మానికి అవతల ఒక కుర్చీ వేయించి ఆవిడని కూర్చోమనండి. ‘నిద్ర పట్టట్లేదమ్మా’ అని మీరే ముందు చెప్పండి. తర్వాత ‘నీకు నొప్పిగా ఉందా?’ అని అడగండి. ‘ఏం లేదులే’ అంటే వెంటనే ఊరుకోకండి, ఇంకోసారి అడగండి. మీ పుస్తకంలో ఇంకో పేజీ తీసి, అమ్మ పేరు రాసి, ఆవిడ మళ్ళీ డాక్టరుకి చూపించుకోవాల్సిన తేదీ వేయండి. ఆ తేదీ గుర్తుపెట్టుకుని ఆవిడని బయల్దేరదీసే పని మీది.