ఫ్రాన్స్‌లో ద్రాక్ష తగ్గిందట, వైన్ కొనిపెట్టుకోమంటారా?

ప్రశ్న: మాది అనంతపురం. వేరుశనగ కాయల కమీషన్ వ్యాపారం. వయసు 54. ఈమధ్య ఒక ప్లాటు అమ్మితే ఆరు లక్షలు చేతికొచ్చాయి. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఒక యాప్ చూపించి, యూరప్‌లో ద్రాక్ష దిగుబడి పడిపోతోంది, వైన్ రేట్లు పెరుగుతాయి, లండన్ గోడౌన్‌లో వైన్ పెట్టెలు కొనిపెట్టుకుంటే మూడేళ్లలో మంచి లాభం అంటున్నాడు. పంట తగ్గితే రేటు పెరుగుతుందన్నది నాకూ తెలిసిందే కదా. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. పెళ్లి రెండేళ్లలో, లాభం మూడేళ్లలో అని మీరే రాశారు. లెక్క ప్రకారం జవాబు అక్కడే అయిపోయింది. కానీ 'నాకూ తెలిసిందే కదా' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కాయల వ్యాపారం చేసే మనిషి ఆ మాట అనకూడదు!

వేరుశనగ పూత నుంచి ఊడలు నేలలోకి దిగే వేళకి వాన మొహం చాటేస్తే మన దగ్గర పంట పోతుంది. అయితే రేటు? 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా నూనెల మీద దిగుమతి సుంకం మొత్తంగా 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర్లో మళ్లీ 16.5కి దిగింది. బయటి నూనె ఎంతకు దిగుతుందన్నది మన కాయ రేటును లాగుతుంది, నెడుతుంది. ఆ రెండు నిర్ణయాలకీ మన చేలల్లో పడిన వానతో సంబంధమే లేదు. పంట తగ్గిన ఏడాది రేటూ రాక దిగాలుగా కూర్చున్న రైతులను మీరు ఎంతమందిని చూసి ఉంటారు!

వైన్‌దీ అదే కథ, ఇంకాస్త ఘోరంగా. ప్రపంచం మొత్తం మీద 2023లో తయారైన వైన్ దాదాపు 2,370 కోట్ల లీటర్లు. 1961 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. మీ అబ్బాయి లెక్కన రేటు ఆకాశాన్ని అంటాలి. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్ ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? అమ్ముడుపోని వైన్‌ను వదిలించుకోవడానికి 20 కోట్ల యూరోలు కేటాయించింది. ఆ వైన్‌ను బట్టీలో కాచి, శానిటైజర్లకూ సెంట్లకూ పనికొచ్చే ఆల్కహాల్‌గా మార్చడానికి. బోర్డో అనే ప్రాంతంలోనైతే తోటలు పీకేసినందుకు రైతులకు డబ్బులిచ్చారు. కారణం, తాగేవాళ్లు తగ్గారు. 2024లో ఉత్పత్తి ఇంకా తగ్గి సుమారు 2,260 కోట్ల లీటర్లకు వస్తే, తాగింది 2,140 కోట్లే.

అది మామూలు రకం, మేం చెప్పేది ఖరీదైన రకం అని యాప్ వాళ్లు అంటారు. సరే, అదీ చూద్దాం. బోర్డోలో ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. మరుసటి వేసవికల్లా, వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే, పెద్ద పెద్ద తోటలవాళ్లు దాన్ని ముందస్తుగా అమ్మేస్తారు. సీసాలు చేతికొచ్చేది దాదాపు రెండేళ్లకు. 2024లో వానలు, తెగుళ్లు కలిసి అక్కడి పంట మూడు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత పడిపోయింది. 2025లో ఆ వైన్‌ను ముందస్తు అమ్మకానికి పెట్టినప్పుడు పేరున్న తోటలు రేటు పెంచలేదు సరికదా, బాగా తగ్గించాయి. అంతకుముందు ఏళ్లలో ఎక్కువ రేటుకు కొన్నవాళ్ల సరుకు గోడౌన్లలోనే పడి ఉంది మరి. ఖరీదైన వైన్ల రేట్లు 2022 చివర్నుంచి రెండేళ్లకు పైగా దిగుతూనే వచ్చాయి. (రుచి సంగతి నన్నడగొద్దు, నాకు అలవాటు లేదు.)

ఇంకో విషయం. ఏప్రిల్‌లో మంచు పడి చిగుళ్లు మాడితే ఆ సంగతి అక్కడి వ్యాపారికి మర్నాడే తెలుస్తుంది. ఆగస్టు నుంచి ఫ్రాన్స్ వ్యవసాయ శాఖ అంచనాలు వస్తుంటాయి, నవంబరులో ప్రపంచ అంచనా. ఇవన్నీ అయ్యాక యాప్‌లో నోటిఫికేషన్ వచ్చి, మీ అబ్బాయి చూసి, ఆదివారం ఇంటికొచ్చి మీకు చెబుతాడు. పైగా మీకు అంటగట్టేది ఎప్పుడో సీసాల్లోకి ఎక్కిన పాత సరుకు. ఈ ఏటి మంచు దాన్నేం చేస్తుంది?

మండీలో కాయను చెవి దగ్గర ఊపి, గలగలలాడితే ఎండిందని చెప్పగలరు మీరు. గుప్పెడు ఒలిచి తూకం వేస్తే పప్పు ఎంత పడుతుందో తేలిపోతుంది. లండన్ గోడౌన్‌లోని పెట్టెను ఎలా ఊపి చూస్తారు? ఆ పెట్టె గోడౌన్ రికార్డులో మీ పేరు మీద ఉందా, కంపెనీ పేరు మీదా అని అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి. కంపెనీ పేరు మీదే ఉంటే, అది మూతపడిన రోజున సరుకు ఎవరిదో తేల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఏటా గోడౌన్ అద్దె, ఇన్సూరెన్స్, అమ్మేటప్పుడు కమీషన్ (అది మీకు చెప్పక్కర్లేదు), రూపాయిని పౌండ్లలోకి, పౌండ్లను రూపాయిల్లోకి మార్చినప్పుడల్లా బ్యాంకు పట్టుకునేది, ఇవన్నీ లాభంలోంచే పోవాలి. ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ కూడా నింపాలి.

ఇక ఆ ఆరు లక్షలు. ప్లాటు అమ్మిన లాభం మీద పన్ను పడుతుంది, ముందు మీ ఆడిటర్‌తో అది తేల్చుకోండి. రెండేళ్లు దాటి ఉంచుకున్న ప్లాటు, 2024 జులై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్ (కొన్న రేటును ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా అని రెండూ వేసి చూసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. పన్ను పోగా మిగిలింది రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు చేయండి, లేదా కొంత పోస్టాఫీసు రెండేళ్ల డిపాజిట్‌లో వేయండి. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే, అందుకే రెండు బ్యాంకులన్నాను. నగలు ఎలాగూ చేయించాలి కాబట్టి అందులో కొంత ఇప్పట్నుంచే విడతలుగా బంగారం కొన్నా నాకు అభ్యంతరం లేదు.

అబ్బాయికి మరీ మోజుగా ఉంటే తన జీతంలోంచి, పోయినా నిద్ర చెడని మొత్తం పెట్టుకోమనండి. మీరు మాత్రం కాయల సీజన్ మొదలుకాకముందే ఎఫ్‌డీ చేసి, రసీదు మీ ఆవిడ చేతికివ్వండి. సీజన్‌లో ఆ డబ్బు ఒకసారి మండీ లెక్కల్లో కలిసిందంటే, ఏ రైతు అడ్వాన్సులోకి పోయిందో పెళ్లినాటికి వెతుక్కోవాలి.