ఆల్ప్స్‌కి పెట్టె సర్దుకునే ముందు

చి. ల. సౌ. అమ్మడుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, పొయ్యి మీద కుక్కరుంది. "మే నెలే కదా పెద్దమ్మా, అక్కడా ఎండాకాలమేగా, తలో స్వెట్టరు సరిపోదా?" అన్నావు. సరిపోదు తల్లీ. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారిచేత కూడా చదివించు. మా వాడు జ్యూరిక్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అన్ని కాలాల్లోనూ ఆ కొండలు చూశాను కాబట్టి ఈ మాత్రం చెప్పగలను.

అక్కడికి బట్టలు సర్దేటప్పుడు క్యాలెండరు పక్కన పెట్టి ఎత్తు లెక్క చూసుకోవాలి. స్విట్జర్లాండులో మీరు దిగే ఇంటర్లాకెన్ ఊరు సుమారు 570 మీటర్ల ఎత్తున ఉంటుంది. రైలెక్కి చూడబోయే యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషనేమో 3,454 మీటర్లు. ఐరోపాలో అంతకంటే ఎత్తున రైల్వే స్టేషను లేదు, 1912 నుంచి నడుస్తోంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 18 డిగ్రీలుంటే పైన సున్నాకి అటూ ఇటూ ఉంటుందన్నమాట, గాలి వీస్తే ఇంకా చలి. పొద్దున ఉత్త చొక్కాతో కాఫీ తాగి బయల్దేరినవాళ్ళు రెండు మూడు గంటల్లో మంచు మీద నిలబడతారు. జూలైలో వెళ్ళినా పైన ఇంతే. అందుకని ఒక్కరోజులోనే మూడు కాలాలకీ సరిపడేలా ఉండాలి నీ సంచీ.

ఇప్పుడు అసలు సంగతి. మనం పత్తి పండే నేల మీద పుట్టినవాళ్ళం, నూలుబట్ట మీద ఉన్న నమ్మకం మనకి మరి దేని మీదా ఉండదు. ఆ కొండల మీద మాత్రం ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. అమ్మమ్మ కుట్టిన బొంత గుర్తుందా? దూది పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలే దాని వెచ్చదనం. అదే బొంత వానలో తడిస్తే బరువు తప్ప ఏం మిగులుతుంది? నూలు బనీనూ అంతే. నాలుగడుగులు ఎక్కగానే చెమట పడుతుంది, బనీను ఆ చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు, కాసేపు ఆగి నిలబడితే వీపు మీద తడిగుడ్డ కప్పినట్టే. జీన్సు ప్యాంట్లు కూడా నూలేనని మర్చిపోకు. ఊళ్ళో తిరగడానికి వేసుకోండి, మంచు మీదకి వద్దు.

కాబట్టి లోపల థర్మల్స్ వేసుకోండి, ఉన్నివైనా పాలిస్టరువైనా సరే, ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి. దాని మీద ఉన్ని స్వెట్టరో, ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీసో. అన్నిటి మీదా గాలినీ తడినీ ఆపే జాకెట్టు, టోపీ ఉన్నది. ఒక్కటే లావుపాటి కోటు కొంటే వేసుకుంటే ఉక్క, విప్పితే వణుకు, నడుమ దారి లేదు. అదే మూడుంటే రైల్లో ఒకటి విప్పుతావు, పైన మూడూ వేసుకుంటావు. జాకెట్టు కొనేటప్పుడు దాని చేతి మీద చెంచాడు నీళ్ళు పోయమను. బొట్లు బొట్లుగా జారిపోతే మంచిదే, మచ్చలా ఇంకితే షాపులోనే వదిలేసి రా. స్వెట్టరు వేసుకుని వెళ్ళి దాని మీద జాకెట్టు తొడిగి చూడండి. రెండు చేతులూ పైకెత్తినప్పుడు నడుం బయటపడకూడదు. ఈ ఎండల్లో బీసెంట్ రోడ్డులో అయినా, మీ బ్రాడీపేటలో అయినా థర్మల్స్ అన్ని సైజులూ దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో ఇప్పుడే తెప్పించుకుంటే, సరిపోకపోతే మార్చుకోడానికి వ్యవధి ఉంటుంది.

మీ అత్తగారి గురించే నాకు ఎక్కువ ఆలోచన. ఆవిడ చీర తప్ప కట్టరు, ప్యాంటు వేసుకోమని బలవంతపెట్టకు. చీరలో కూడా చక్కగా చూసి రావచ్చు, నేను అలాగే తిరిగాను. లోపల థర్మల్ ప్యాంటు, దాని మీద ఉన్ని లెగ్గింగ్సు, ఆపైన లంగా. నూలు చీర వద్దు, తొందరగా ఆరే సింథటిక్ చీర కట్టమను. అంచు మామూలుకంటే నాలుగు వేళ్ళు పైకి ఉండాలి, లేకపోతే మంచులో తడిసి మోకాళ్ళ దాకా చల్లదనం ఎక్కుతుంది. పైటని పిన్నులతో బిగించి, తొడల దాకా వచ్చే కోటు వేస్తే గాలికి ఎగరదు. రవికె లోపల పొడుగు చేతుల థర్మల్. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, బూట్లు. ఆవిడ చెప్పులే అలవాటని అంటారు, ఈ ఒక్క విషయంలో మాత్రం నువ్వు తగ్గకు.

బూట్లు ఎవరివైనా సరే, కొత్తవి కొత్తగా అక్కడ తొడగకూడదు. ఇప్పటి నుంచే వేసుకుని తిరగండి. అడుగున గట్టి గాళ్ళు ఉండి, చీలమండ దాకా పట్టుకునేవి అయితే మంచిది. పొద్దున్నే ఎండెక్కకముందు గాంధీ కొండో, కొండపల్లి ఖిల్లానో రెండు మూడుసార్లు ఎక్కి దిగితే ఎక్కడ ఒరుస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. అక్కడ వేసుకోబోయే మేజోళ్ళతోనే వేసుకోండి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి కొట్టుకుంటోందంటే ఒక సైజు పెంచాలి.

బాబుకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజులు కొనకు. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే రకం వెచ్చగా ఉంటుంది, తొడగడం కూడా సులువు. రెండింటికీ ఓ తాడు కట్టి, జాకెట్టు చేతుల్లోంచి వీపు వెనక దూర్చు, పారేసుకోడు. వాడు మంచులో కూర్చోక మానడు, పొర్లక మానడు. రోజువారీ సంచీలో వాడి కోసం పొడి మేజోళ్ళూ, ఇంకో జత గ్లౌజులూ ఉండి తీరాలి.

చలిని తలుచుకుంటూ ఎండని మర్చిపోతారు మనవాళ్ళు. వెయ్యి మీటర్లు ఎక్కేసరికి అతినీలలోహిత కిరణాల ఘాటు సుమారు పది శాతం పెరుగుతుంది, కొత్తగా పడ్డ మంచు వాటిలో దాదాపు 80 శాతాన్ని మళ్ళీ మొహం మీదకే కొడుతుంది. రోహిణీ కార్తె ఎండ చూసినవాళ్ళం మనకేంలే అనుకోకండి. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి కాలేది తెలియదు, సాయంత్రానికి ముక్కూ బుగ్గలూ ఎర్రబడి పొట్టు లేస్తాయి. ఎండ నుంచి కాపాడే ఎస్పీఎఫ్ 50 క్రీము గడ్డం కిందా, ముక్కు రంధ్రాల దగ్గరా కూడా రాయాలి, వెలుగు కిందనుంచి కదా వచ్చేది. నల్ల కళ్ళద్దాలు అందరికీ, బాబుతో సహా. పెదాలకి లిప్‌బామ్. కొబ్బరినూనె సీసా అక్కడ రాయిలా గడ్డకడుతుంది, వాజలీన్ డబ్బా ఒకటి పెట్టుకో.

మందుల సంగతి. మీ అత్తగారి బీపీ మాత్రలూ ఇన్సులినూ పెద్ద పెట్టెలో వేయకండి. పెట్టె ఆలస్యమైతే ఇబ్బంది, పైగా విమానం అడుగున చలికి ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టినది మళ్ళీ వాడకూడదు. చేతిసంచీలో, డాక్టరుగారి చీటీతో సహా ఉండాలి. కొండ మీద కోటు లోపలి జేబులో పెట్టుకోమను. వెళ్ళేముందు డాక్టరుగారికి ఇంత ఎత్తు వెళ్తున్నామని చెప్పి అడగండి. సముద్రమట్టంతో పోలిస్తే ఆ పైన శ్వాసకి అందే ప్రాణవాయువు మూడోవంతు తక్కువ. రైలు దిగగానే పరుగెత్తకుండా, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మెల్లగా నడవండి. తలనొప్పీ వాంతీ తగ్గకపోతే, టిక్కెట్టు డబ్బులు పోయాయే అనుకోకుండా తర్వాతి రైల్లోనే కిందికి దిగిపోవాలి.

తిండి విషయంలో నీ మనసు నాకు తెలుసు. కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళు. పచ్చళ్ళు గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచీలో ఆపేస్తారు. కానీ పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఇంట్లోనే. పచ్చి కరివేపాకూ, బంగినపల్లి పళ్ళూ కూడా వద్దు, కస్టమ్స్‌లో పారేయిస్తారు. వెన్న, పెరుగు అక్కడే దొరుకుతాయి, మిగ్రోస్, కూప్ అని పెద్ద దుకాణాలుంటాయి, బియ్యం కూడా అక్కడే కొనుక్కోవచ్చు. ఆదివారం చాలావరకు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. కొళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు, తలో స్టీలు సీసా ఉంటే చాలు. అక్కడ అన్నిచోట్లా కాగితమే కాబట్టి, బాత్రూములోకి ఒక ప్లాస్టిక్ సీసా కూడా.

కరెంటు మనలాగే 230 వోల్టులు. మూడు పిన్నుల మన ప్లగ్గు మాత్రం పట్టదు. యూరప్ అడాప్టరని అమ్మేవాటిలో కూడా కొన్ని పట్టవు, స్విట్జర్లాండుకి పనికొచ్చేదని అడిగి కొనండి. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే. చలికి ఫోను ఛార్జింగు గబగబా పడిపోతుంది, ఫొటో తీయగానే లోపలి జేబులో వేసుకోవాలి.

మీ ఆడపడుచు వాళ్ళు డిసెంబరులో వెళ్తామంటున్నారని విన్నాను. వాళ్ళకీ ఇదే జాబితా, ఇంకో స్వెట్టరు అదనం. కాలిబాటలు గాజులా జారతాయి, బూట్లకి తొడిగే ముళ్ళ పట్టీలు అవసరం. స్కీయింగ్ దుస్తులూ సామానూ అక్కడే అద్దెకి తీసుకోవాలి, ఇక్కడ కొంటే దండగ. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వానలు, పొద్దున్నే ఎక్కి త్వరగా దిగాలి. ఇక మీ మే నెల సంగతికొస్తే, కొన్ని రోప్‌వేలు మరమ్మతుల కోసం ఆపేస్తారు, రెండు వేల మీటర్ల పైన నడకదారుల్లో ఇంకా మంచు ఉంటుంది. ఏవి నడుస్తున్నాయో చూసుకునే టిక్కెట్లు కొనండి. పైన మబ్బు పట్టితే ఏమీ కనపడదు. కొండ మీది కెమెరాల దృశ్యం పొద్దున్నే ఫోన్లో చూడండి, తెరిపిగా ఉన్నరోజే యుంగ్‌ఫ్రౌకి పెట్టుకోండి.

గొడుగు వద్దు, పైన గాలికి నిలవదు.

పెట్టెలు చిన్నవి తీసుకోండి. అక్కడ కూలీలు ఉండరు, రైళ్ళు మారేటప్పుడు మీరే మోసుకోవాలి. మీ ఆయన రెండు చేతులకీ రెండు పెట్టెలు, నీకు ఒకటీ బాబు చెయ్యీ, అంతకుమించి వద్దు. గన్నవరంలో ఎక్కేటప్పుడు కోట్లు ఒంటి మీద వేసుకోకుండా చేతిసంచీలో పైన పెట్టుకోండి, దిగేచోట తీసుకోడానికి వీలుగా. వీసాకి చూపించిన ఇన్సూరెన్సు కాగితం, ఆ 30,000 యూరోలది, ఇంకో కాపీ తీసి మీ అత్తగారి సంచీలో వేయి.

కందిపొడి నేను కొట్టించి పెడుతున్నాను. వచ్చే ఆదివారం మీరంతా భోజనానికి రండి. సామాను తూచే చిన్న కాటా మా ఇంట్లో ఉంది, అదీ పట్టుకెళ్దువుగాని. నా ఉన్ని లెగ్గింగ్సు మీ అత్తగారికి సరిపోతాయేమో అప్పుడే చూద్దాం. వదినగారికి నా నమస్కారాలు చెప్పు, బాబుకి ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
పటమట, విజయవాడ