ఫ్లోర్ హాకీ కొత్తగా మొదలుపెట్టాను. స్టిక్ ఎలా పట్టుకోవాలి, గోల్ కొట్టడం ఎప్పుడు వస్తుంది?

మీరు మూడు సంగతులు రాశారు. స్టిక్ పట్టు కుదరడం లేదు, అరగంట ఆడేసరికి నడుము నొప్పి పుడుతోంది, ఇంకా ఒక్క గోల్ కూడా పడలేదు. మొదటి రెండూ ఈ వారంలోనే సర్దుకుంటాయి. మూడోదాన్ని మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. పన్నెండేళ్లుగా ఆడుతున్నాను, ఐదేళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. షాట్ గట్టిగా కొట్టడం వచ్చి, తన దగ్గరికి వచ్చిన పాస్‌ను ఆపడం రాని మనిషికి కొన్ని రోజుల్లోనే పాసులు రావడం ఆగిపోతుంది. బంతే దొరకనప్పుడు షాట్ ఎక్కడ కొడతారు?

ముందు మీరు ఆడుతున్నది ఏ రకమో అడిగి తెలుసుకోండి. జిమ్‌లలో ప్లాస్టిక్ స్టిక్‌లతో, బంతితోనో పక్ అనే చదునైన బిళ్లతోనో ఆడేది ఒకటి. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ ఫ్లోర్ హాకీలో అయితే స్టిక్‌కు బ్లేడే, అంటే కింది చివర బంతిని తాకే చదునైన భాగమే ఉండదు. మధ్యలో రంధ్రం ఉన్న ఫెల్ట్ (దట్టంగా ఒత్తిన ఉన్ని) చక్రాన్ని కర్ర కొనతో నడుపుతారు. నేను ఆడేది ఫ్లోర్‌బాల్. స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి 1986లో దీనికి అంతర్జాతీయ సమాఖ్య పెట్టాయి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు, చుట్టూ అర మీటరు ఎత్తు బోర్డులు, 26 రంధ్రాలున్న 23 గ్రాముల ప్లాస్టిక్ బంతి. కింద చెప్పే కొలతలు, నియమాలు దీనివే. బ్లేడు ఉన్న స్టిక్‌తో ఏది ఆడినా చేతి పని మాత్రం దాదాపు ఒకటే.

నడుము నొప్పికి కారణం రెండింట్లో ఒకటి. స్టిక్‌ను నేల మీద నిలబెట్టి చూడండి, బొడ్డు దాకా గానీ, కాస్త పైకి గానీ రావాలి. అంతకంటే పొట్టిదైతే ఒళ్లంతా వంచాల్సి వస్తుంది. స్టిక్ సరిపోయినా నొప్పి వస్తోందంటే మీరు మోకాళ్లు వంచకుండా నడుము వంచుతున్నారని అర్థం. కొత్తవాళ్లలో నేను ఎక్కువసార్లు చూసేది ఈ రెండోదే.

ఇక పట్టు. నేల మీద పడి ఉన్న స్టిక్‌ను ఏమీ ఆలోచించకుండా రెండు చేతులతో తీయండి. ఏ చేయి కిందికి పోతే అదే మీ వైపు. ఎడమ చేయి కింద ఉంటే లెఫ్ట్ బ్లేడు, కుడి చేయి కింద ఉంటే రైట్ బ్లేడు కొనుక్కోవాలి. పై చేయి పిడి చివర బిగువుగా ఉంటుంది, బ్లేడును తిప్పేది అదే. కింది చేయి వదులుగా ఉండాలి. నేను అంతకుముందు మైదానం హాకీ ఆడేవాణ్ణి. అక్కడ స్టిక్‌కు చదునుగా ఉన్న ఒక్క వైపుతోనే ఆడాలి, రెండో వైపుకు బంతి వస్తే స్టిక్‌నే తిప్పేయాలి. ఇక్కడ బ్లేడు రెండు వైపులా పనికొస్తుందని తెలిసినా నా చేతులు వినలేదు. నెల రోజుల పాటు తిప్పుతూనే ఉన్నాను, తిప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు బంతి ఎత్తుకుపోయారు. మీకు ఆ అలవాటు ఉంటే మొదటి వారంలోనే వదిలించుకోండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది బంతిని ఆపడం మీద. ఇంత తేలికైన బంతి బిగదీసుకున్న బ్లేడుకు తగిలితే ఎగిరి అవతల పడుతుంది. బంతి తాకే క్షణానికి బ్లేడు కూడా వెనక్కి కదులుతూ ఉండాలి, క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటామే, అలాగన్నమాట. గోడకు మూడు మీటర్ల దూరంలో నిలబడి రోజూ పావుగంట బంతిని గోడకు పంపండి, తిరిగి వచ్చినదాన్ని చప్పుడు కాకుండా ఆపండి. టక్‌మని వినిపిస్తే చేయి బిగిసినట్టే. మొదటి వారం బంతినే చూడండి. రెండో వారం నుంచి గోడ మీద ఒక గుర్తును చూస్తూ చేయండి. ఆటలో తల పైకెత్తి ఉంచే అలవాటు అక్కడే పడుతుంది.

స్టిక్ ఎత్తే విషయంలో మాత్రం నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఆడటం మొదలుపెట్టిన రెండో నెలలో నేను కొట్టిన షాట్ ఊపుకు స్టిక్ పైకి లేచి, పక్కన ఉన్న స్నేహితుడి చెంప ఎముకకు తగిలింది. రెండు వేళ్లు పైకి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లు కళ్లద్దాల రక్షణ లేకుండా కోర్టులోకి రాకూడదు, బ్లేడు నడుము దాటకూడదు. మీరూ మొదటి రోజు నుంచే ఇలా పెట్టుకోండి.

మిగతా ఫౌళ్లు ఆడుతూ ఉంటే వాటంతట అవే తెలుస్తాయి. ఎదుటివాళ్ల స్టిక్‌ను కొట్టడం, నొక్కడం, ఎత్తడం, కాళ్ల మధ్య స్టిక్ పెట్టడం, బంతిని చేత్తోగానీ తలతోగానీ ఆడటం కుదరదు. చిన్న తప్పుకు ఎదుటి జట్టుకు ఫ్రీ హిట్ ఇస్తారు, అప్పుడు మీరు బంతికి దూరంగా వెనక్కి తగ్గాలి. పెద్ద తప్పుకు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి.

జట్టుకు కోర్టులో ఐదుగురు, గోల్‌కీపర్ ఒకరు. గోల్‌కీపర్‌కు స్టిక్ ఉండదు, మోకాళ్ల మీద కూర్చుని ఒంటితో, చేతులతో ఆపుతారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆట ఆగకుండానే ఎప్పుడైనా మనుషులను మార్చుకోవచ్చు కాబట్టి నిమిషం లోపే పరిగెత్తి, వెంటనే బయటికి వచ్చేయండి. అలసిపోయాక నిలబడి ఆడటం జట్టుకు భారం. కొత్తవాళ్లందరూ బంతి చుట్టూ మూగుతారు. మీరు దూరంగా ఉండండి. బంతి ఉన్నవాళ్లకూ మీకూ మధ్య ఎవరూ అడ్డం లేని చోటు వెతుక్కుని, బ్లేడును నేల మీద ఆనించి నిలబడండి. ఎదుటివాళ్ల దగ్గర బంతి ఉంటే వాళ్లకూ మన గోల్‌కూ మధ్యలోకి రండి, అప్పుడూ బ్లేడు నేల మీదే ఉండాలి.

గోడ దగ్గర చప్పుడు ఆగిపోయాక షాట్ మొదలుపెట్టండి, రిస్ట్ షాట్‌తోనే. ఇందులో బంతిని కొట్టరు, లాగి విసురుతారు. బంతిని వెనక కాలి దగ్గర బ్లేడుకు ఆనించి ఉంచండి. అక్కడి నుంచి ముందుకు లాగుతూ బరువును ముందు కాలి మీదికి తెండి, కింది చేత్తో స్టిక్‌ను నేలకేసి నొక్కి, చివర్లో మణికట్టు తిప్పి వదలండి. బంతి వెళ్లాక బ్లేడు మోకాలి ఎత్తులో గోల్ వైపు చూస్తూ ఆగిందంటే సరిగ్గా కొట్టినట్టే.