పాఠకుల ప్రశ్నలు, జవాబులు: నీలి తొట్టిలో హైడ్రోస్, బెల్లం పెనంలో హైడ్రోస్

ప్రశ్న: మాది పొందూరు దగ్గరి పల్లె. ఖద్దరు నూలుకు నీలిరంగు అద్దుతాము. తొట్టిలో హైడ్రోస్, కాస్టిక్ సోడా వేశాక నీలిమందు పసుపు రంగుకు తిరుగుతుంది. ముంచిన నూలును పైకి తీస్తే ముందు ఆకుపచ్చగా, కాసేపటికి నీలంగా మారుతుంది. అయితే ఉదయం బాగున్న తొట్టి మధ్యాహ్నానికే నీలి పొర కట్టి, రంగు పట్టడం మానేస్తోంది. ఎంత హైడ్రోస్ వేసినా ఇదే వరస. పాత డబ్బాలోని పొడి అసలే పనిచేయడం లేదు. కారణమేమిటి?
— అద్దకం పనివారు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు హైడ్రోస్ అంటున్న పొడి సోడియం డైథయోనైట్. డబ్బా మీద సోడియం హైడ్రోసల్ఫైట్ అని రాసి ఉంటుంది. దాని అయానులో రెండు గంధక పరమాణువులు ఒకదానితో ఒకటి చాలా బలహీనమైన బంధంతో కలిసి ఉంటాయి. నీటిలో ఆ బంధం సులువుగా తెగుతుంది, తెగిన ముక్కలు ఎదుటి పదార్థానికి ఎలక్ట్రాన్లను ఇచ్చివేయడానికి సిద్ధంగా ఉంటాయి. క్షారం ఉన్నప్పుడు ఈ గుణం మరింత బలపడుతుంది కనుకనే హైడ్రోస్‌కు కాస్టిక్ సోడా తోడు కావాలి.

నీలిమందు నీటిలో కరగదు, కరగనిది నూలు లోపలికి పోదు. దాని అణువుకు రెండు ఎలక్ట్రాన్లు అందితే క్షారంలో కరిగే పసుపు రూపం వస్తుంది. నూలు పీల్చుకునేది ఆ రూపాన్నే. పైకి తీసినప్పుడు గాలిలోని ఆక్సిజన్ ఆ రెండు ఎలక్ట్రాన్లనూ తీసుకుంటుంది, నీలిమందు తిరిగి కరగని రూపానికి వచ్చి పోగులోనే చిక్కుకుంటుంది. అద్దకానికి ఆధారమైన ఈ ఆక్సిజనే తొట్టికి శత్రువు కూడా.

లెక్క చూస్తే మీ హైడ్రోస్ ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. 262 గ్రాముల స్వచ్ఛమైన నీలిమందును కరిగే రూపానికి మార్చడానికి 174 గ్రాముల స్వచ్ఛమైన హైడ్రోస్ చాలు, అంటే కిలోకు సుమారు 660 గ్రాములు. మార్కెట్ సరుకు పూర్తి స్వచ్ఛమైనది కాదు కనుక ఇంకొంత కలుపుకోవచ్చు. దీనికి ఎన్నో రెట్లు ఖర్చవుతోందంటే మిగిలినదంతా గాలి పాలైనట్లే. ఒక లీటరు గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే దాదాపు గ్రామున్నర హైడ్రోస్‌ను హరించగలదు. కర్రతో జోరుగా కలియబెట్టడం, నూలు చిలపలను తడితడిగా పైనుంచి జారవిడవడం, వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన తొట్టిని వాడడం, ఇవన్నీ గాలిని లోపలికి దింపే పనులే. లోతైన తొట్టి తీసుకొని, మెల్లగా కలిపి, పని లేనప్పుడు మూత వేయండి. నూలును ముందే నీటిలో నానబెట్టి, పిండి, బుడగలు లేకుండా దించండి.

ఇంకొక కారణం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. హైడ్రోస్ ఖర్చయిన కొద్దీ ఆమ్లగుణం గల బైసల్ఫైట్, బైసల్ఫేట్ వంటివి పుట్టి కాస్టిక్ సోడాను తినేస్తాయి. క్షారం తగ్గితే పసుపు రూపం సైతం కరగక అడుగుకు దిగుతుంది. అప్పుడు ఎంత హైడ్రోస్ పోసినా ప్రయోజనం ఉండదు, పైగా క్షారం ఇంకా తగ్గుతుంది. మీ తొట్టి జబ్బు ఇదేనని నా అనుమానం. పీహెచ్ కాగితంతో (ఆమ్ల, క్షార గుణాల స్థాయిని అంకెల్లో చూపేది) చూసి, 11కు దిగువన ఉంటే ముందు క్షారాన్ని సరిచేసి, ఆ తర్వాతే హైడ్రోస్ వేయండి.

పాత డబ్బా సంగతి: మూత సరిగా లేని డబ్బాలో తేమ, గాలి చేరి పొడి తన శక్తిని కోల్పోతుంది. అంతకన్నా ముఖ్యమైనది భద్రత. కొద్దిపాటి నీరు తగిలితే ఆ పొడి వేడెక్కి, గంధకపు పొగ వదులుతూ తనంతట తానే అంటుకోగలదు. అందుచేత తడి చెంచా డబ్బాలో పెట్టకూడదు, వాన కారే మూలలో డబ్బా ఉంచకూడదు, పొడిని ఎప్పుడూ ఎక్కువ నీటిలోనే కొద్దికొద్దిగా వేయాలి. వాడేసిన తొట్టి నీటిని నేరుగా కాలువలోకి వదిలితే అందులోని సల్ఫైటు కాలువ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది, చేపలకు అది ప్రాణాంతకం. ఆ నీటిని వేరే తొట్టిలో ఒకటి రెండు రోజులు మాటిమాటికీ కలియబెడితే సల్ఫైటు చాలావరకు సల్ఫేటుగా మారుతుంది. క్షారం విరగడానికని ముందే ఆమ్లం పోయకండి, ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది.

ప్రశ్న: సంక్రాంతి అరిసెలకు కొన్న బెల్లం దిమ్మ అప్పుడు పసుపుపచ్చగా నిగనిగలాడింది. మిగిలిన ముక్క ఉగాది పచ్చడికి తీసేసరికి ముదురు గోధుమరంగులో ఉంది. హైడ్రోస్ కలిపారని మా తోడికోడలు అంటోంది. నిజమేనా? తింటే ప్రమాదమా?
— ఒక గృహిణి, గజపతినగరం

జవాబు: కలిపి ఉండవచ్చు, కానీ రంగు ఒక్కదానితో తేల్చలేము. చెరకు రసంలోని ఫినాలు జాతి పదార్థాలు ఇనుముతో కలిసి ముదురు రంగునిస్తాయి, పాకం కాగేటప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మరికొంత గోధుమరంగు తెస్తాయి. హైడ్రోస్ వీటిలో కొన్నింటికి ఎలక్ట్రాన్లు ఇచ్చి రంగు పోగొడుతుంది. రంగు పోయినా ఆ పదార్థాలు బెల్లంలోనే ఉంటాయి కనుక గాలి, తేమ తగిలిన కొద్దీ నలుపు తిరిగి వస్తుంది. పై జవాబులో పసుపు నూలు నీలమైనదీ ఇదే రకం మార్పు. అయితే ఏమీ కలపని బెల్లమూ నిల్వలో కొంత ముదురుతుంది. మంచి చెరకు రకం, శుభ్రమైన పెనం, బెండ కాండాల జిగురు నీటితో మడ్డిని జాగ్రత్తగా తీసివేయడం, వీటి వల్ల మందు లేకుండానే లేత రంగు వస్తుంది. మడ్డి తీయడానికి ఓపిక కావాలి, హైడ్రోస్‌కు చిటికె చాలు. సంతలో పచ్చని దిమ్మకే మంచి ధర పలికినంత కాలం వండేవారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక ప్రమాదం మాట. చెరకు పాకం స్వల్పంగా ఆమ్లగుణం కలది, పైగా మరుగుతూ ఉంటుంది కనుక అందులో డైథయోనైట్ నిలవదు. సల్ఫైటులూ థయోసల్ఫేటూ మిగులుతాయి, కొంత సల్ఫర్ డయాక్సైడ్‌గా ఆవిరితో పోతుంది. మన ఆహార నిబంధనలు బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి పెట్టాయి. కొద్దిపాటి సల్ఫైటును శరీరం ఒక ఎంజైము సాయంతో సల్ఫేటుగా మార్చుకుంటుంది. కాని ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి సల్ఫైటు వల్ల ఆయాసం వస్తుంది, బి1 విటమినునూ అది చెడగొడుతుంది. మీ ఇంట్లో ఉబ్బసం రోగులుంటే మెరిసే దిమ్మను మానుకోవడం మంచిది.

ఇంట్లో చేసే నమ్మకమైన పరీక్ష లేదు. ప్రయోగశాలలో బెల్లం ద్రావణానికి ఆమ్లం చేర్చి మరిగిస్తారు, వెలువడిన వాయువును హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పట్టి, ఏర్పడిన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని క్షారంతో కొలుస్తారు.

ప్రశ్న: అయోడిన్ అంశమాపనంలో, అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వేసి అయోడిన్ ఎంత ఉందో కొలిచేటప్పుడు, హైపో బదులు హైడ్రోస్ వాడవచ్చా? రెండూ గంధకం గల క్షయకరణులే (ఎలక్ట్రాన్లు ఇచ్చేవే) కదా?
— డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: వాడకూడదు. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, గాలిని పెద్దగా పట్టించుకోదు. దాని రెండు అయానులు ఒక అయోడిన్ అణువుతో చర్య జరిపి టెట్రాథయోనేట్ అనే పదార్థం దగ్గర కచ్చితంగా ఆగుతాయి. అందుకే దాని లెక్క నమ్మదగినది. డైథయోనైట్ కూడా అయోడిన్‌ను క్షయకరణం చేస్తుంది, కానీ ద్రావణాన్ని కొలిచి వదిలే గొట్టమైన బ్యూరెట్‌లో ఉండగానే ఆక్సిజన్ దాని గాఢతను తగ్గిస్తూ పోతుంది. సీసాల మీది చీటీలు ఊడిపోతే మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు చుక్కతో రెండింటినీ గుర్తుపట్టవచ్చు: డైథయోనైట్ క్షణాల్లో ఆ నీలాన్ని మాయం చేస్తుంది, హైపో చేయదు. ఆమ్లం వేసి మాత్రం పోల్చవద్దు, రెండూ సల్ఫర్ డయాక్సైడ్‌నే విడుదల చేస్తాయి.